పదేళ్లు దాటిన పిల్లిని వైద్య పరీక్షకు తీసుకెళ్లడం ఎలా?

పదేళ్ల పిల్లి వయసు మనుషుల లెక్కలో సుమారు 56. పదిహేనేళ్లు వచ్చేసరికి అది 76 అవుతుంది. ఇంట్లో ఆ వయసు పెద్దవాళ్లు ఉంటే బీపీ, షుగర్ పరీక్షలకు మనమే వెంటపడి తీసుకెళతాం. పిల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘బాగానే తింటోంది కదా’ అని ఊరుకుంటాం. ముసలి పిల్లులకు ఎక్కువ చేటు చేస్తున్నది ఆ మాటే. పిల్లి నొప్పిని బయటపెట్టదు. మూలగదు, కుంటడమూ అరుదే. కిటికీ గట్టు ఎక్కడం మానేస్తుంది, మంచం కిందికి చేరుతుంది. మనం ‘వయసు మీద పడింది’ అనుకుంటాం. ఆ నెమ్మదితనం వెనుక కీళ్లనొప్పో, పంటి పోటో, కిడ్నీ జబ్బో ఉండవచ్చు. ముందుగా పట్టుకుంటే వీటిలో చాలావాటికి ఉపశమనం ఉంది.

డాక్టరు ముందు పిల్లి ఉండేది పావుగంటో ఇరవై నిమిషాలో. అంతసేపూ అది బిగుసుకుపోయి కూర్చుంటుంది. నడవదు, తినదు, నీళ్లు తాగదు. అది రోజంతా ఎలా ఉంటుందో చూసేది మీరు. అందుకే ఈ పరీక్షలో సగం పని ఇంట్లోనే జరుగుతుంది, అదీ ఆసుపత్రికి వెళ్లడానికి రెండు వారాల ముందు నుంచే.

ఎప్పుడు, ఎక్కడికి

ఏడేళ్ల నుంచి పదేళ్ల దాకా ఏడాదికొకసారి చూపిస్తే సరిపోతుంది. పదేళ్లు దాటాక ఆరు నెలలకొకసారి చూపించాలి. మనిషికి రెండేళ్లలో వచ్చే మార్పు ఈ వయసు పిల్లికి ఆరు నెలల్లోనే వస్తుంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో కుక్కలకూ పిల్లులకూ వేరుగా క్లినిక్‌లు ఉన్నాయి. చిన్న ఊళ్లలో ఉండేది ఆవులకూ గేదెలకూ చూసే ప్రభుత్వ పశువైద్యశాలే. టీకాకు, నులిపురుగుల మందుకు అది చాలు. ముసలి పిల్లికి కావలసిన రక్తపరీక్ష, బీపీ కొలత, స్కానింగ్ అక్కడ దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు పశువైద్య కళాశాలల ఆసుపత్రులను అడగండి. తెలంగాణలో రాజేంద్రనగర్, మామునూరు, కోరుట్లలో, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో ఈ కళాశాలలు ఉన్నాయి.

ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోండి. పిల్లికి బీపీ కొలిచే పరికరం ఉందా? రక్తం, మూత్రం అక్కడే పరీక్షిస్తారా, బయటి ల్యాబుకు పంపుతారా? కుక్కల రద్దీ తక్కువగా ఉండే సమయం ఏది? మొత్తం ఎంత అవుతుందో కూడా అప్పుడే అడగండి. ఖర్చు ముందే తెలిస్తే, అక్కడికి వెళ్లాక కంగారులో ఏదో ఒక పరీక్ష వదిలేయాల్సిన అవసరం రాదు.

ముందు రెండు వారాలు: చూసి రాసుకోండి

ఒక చిన్న నోటు పుస్తకం చాలు. మొదట బరువు రాయండి. ముసలి పిల్లి ఆరోగ్యం గురించి ఇంత సూటిగా చెప్పే అంకె మరొకటి లేదు. పిల్లిని ఎత్తుకుని మనుషుల తూకం మీద నిలబడి, తర్వాత మన బరువు తీసేసే పద్ధతిలో రెండు మూడు వందల గ్రాముల తేడా తెలియదు. పసిపిల్లలను తూచే డిజిటల్ తూకం కొనండి, లేదా వంటింట్లో ఉన్న డిజిటల్ తూకం మీద వెడల్పాటి డబ్బా పెట్టి అందులో కూర్చోబెట్టండి. నాలుగు కిలోల పిల్లి 3.6 కిలోలకు వచ్చిందంటే తగ్గింది 400 గ్రాములే అనిపిస్తుంది. కానీ అది పది శాతం. అరవై కిలోల మనిషి కారణం తెలియకుండా ఆరు కిలోలు తగ్గితే ఇంటిల్లిపాదీ బెంగపడతారు. ఒత్తుగా బొచ్చున్న పిల్లిలో ఈ తగ్గుదల కంటికి కనిపించదు, తూకమే చెప్పాలి.

తర్వాత నీళ్లు. ఉదయం గిన్నెలో కొలిచి పోయండి, మర్నాడు అదే సమయానికి మిగిలింది కొలవండి. పచ్చి మాంసమో చేపో తినే పిల్లి తక్కువ తాగుతుంది, పొడి గింజలు తినేది ఎక్కువ తాగుతుంది. కాబట్టి పక్కింటి పిల్లితో పోల్చకండి, మీ పిల్లి పాత అలవాటుతోనే పోల్చండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే అది ఏ లెక్కన చూసినా ఎక్కువే. ఎన్నడూ లేనిది బాత్‌రూమ్ కుళాయి దగ్గర, బకెట్ అంచున నీళ్లు నాకడం మొదలుపెట్టినా రాసుకోండి. కిడ్నీ జబ్బు, షుగర్, థైరాయిడ్ మూడూ దాహాన్ని పెంచేవే.

లిట్టర్ (పిల్లి మలమూత్రాల కోసం తొట్టిలో పోసే ఇసుక లాంటిది) వాడుతుంటే మూత్రం వల్ల రోజుకు ఎన్ని ఉండలు కడుతున్నాయో, అవి మునుపటికన్నా పెద్దవవుతున్నాయో చూడండి. పిల్లి మట్టిలోకి, ఇసుకలోకి వెళ్లే ఇల్లయితే ఇది తెలుసుకోవడం కష్టం. పరీక్షకు ముందు కొన్ని రోజులైనా ఇంట్లో తొట్టి పెట్టి చూడండి. మలం గట్టిగా, చిన్న ముక్కలుగా వస్తోందా అన్నది కూడా చెప్పాల్సిన విషయమే.

తిండి దగ్గర నిజం రాయండి. మన ఇళ్లలో చాలా పిల్లులు పాలన్నం, పెరుగన్నం, మిగిలిన కూర ముక్కల మీదే పెరుగుతాయి. డాక్టరు కోప్పడతారని ‘క్యాట్ ఫుడ్డే పెడుతున్నాం’ అని చెబితే నష్టపోయేది పిల్లే. ఎండుచేపలు పెడుతుంటే తప్పక చెప్పండి, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. తినే తీరునూ చూడండి. గిన్నె దగ్గరికి ఆత్రంగా వచ్చి, వాసన చూసి వెనక్కి తగ్గుతోందా? ఒక పక్కనే నములుతోందా? గింజ నోటిలోంచి జారి పడుతోందా? ఆకలి లేకపోవడం వేరు, ఆకలి ఉండీ తినలేకపోవడం వేరు. రెండోది చాలాసార్లు పంటి నొప్పి.

నిద్రలో శ్వాస లెక్కపెట్టండి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. నిమిషానికి 30 లోపు ఉండాలి. పదే పదే 30 దాటుతుంటే గుండెనో ఊపిరితిత్తులనో చూడాల్సి ఉంటుంది. ఆసుపత్రిలో ఈ లెక్క తీయడం కుదరదు, అక్కడ భయానికే అది వేగంగా ఊపిరి పీలుస్తుంది.

ఇక ఫోన్‌తో రెండు మూడు వీడియోలు తీయండి. కుర్చీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి బల్ల మీది నుంచి ఒకేసారి నేలకు దూకుతుంది. కీళ్లనొప్పి ఉన్నది అంచున నిలబడి కిందికి చూస్తుంది, ముందుకాళ్లను బల్ల పక్కగా వీలైనంత కిందికి జార్చుతుంది, ఆ తర్వాతే వదులుతుంది. దారిలో కుర్చీ ఉంటే దాని మీద ఆగి మళ్లీ దిగుతుంది. పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలించిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. అందులో 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల కనిపించింది. అయినా పిల్లిని కీళ్లనొప్పి అని చెప్పి తీసుకొచ్చేవాళ్లు అరుదు. పది సెకన్ల వీడియో చూపిస్తే డాక్టరుకు అర్థమవుతుంది.

రాత్రిళ్లు కారణం లేకుండా పెద్దగా అరవడం, నడుము దగ్గర బొచ్చు చిక్కుపడటం, తొట్టి పక్కనే మూత్రం పోయడం కూడా రాసుకోండి. తొట్టి బయట పోసిందని పిల్లిని కసరకండి. ఎత్తైన తొట్టి అంచు దాటడానికి దాని మోకాళ్లు సహకరించకపోయి ఉండవచ్చు.

బుట్టను ఇంటి సామానులో కలపండి

చాలామంది ఇళ్లలో పిల్లికి తనను తీసుకెళ్లే బుట్ట (క్యారియర్) కనిపించేది ఏడాదికొకసారి, సూది మందు రోజున. దాన్ని చూడగానే అది బీరువా వెనక దూరిందంటే తప్పు దానిది కాదు. రెండు వారాల ముందే బుట్టను హాల్లో ఓ మూల తలుపు తీసి పెట్టేయండి. పిల్లి రోజూ పడుకునే పాత చీరో తువ్వాలో ఉతకకుండా లోపల పరచండి, తన వాసన తనకు ధైర్యం. ఇష్టమైన తిండి మొదట బుట్ట పక్కన, తర్వాత గుమ్మంలో, ఆ తర్వాత లోపల పెట్టండి. దానంతట అది లోపలికి వెళ్లి పడుకునే రోజు వస్తుంది. అప్పుడు కాసేపు తలుపు వేసి తీయండి.

కొనేటప్పుడు పైభాగం ఊడివచ్చే గట్టి ప్లాస్టిక్ క్యారియర్ కొనండి. పై మూత తీసేస్తే పిల్లి కింది సగంలో తన తువ్వాలు మీదే కూర్చుని పరీక్ష చేయించుకుంటుంది, దాన్ని బయటికి లాగే పని ఉండదు. అట్టపెట్టెలు వద్దు. మూత్రం పడితే అడుగు మెత్తబడి నడిరోడ్డు మీద ఊడిపోతుంది. గుడ్డ సంచిలో మూతి కట్టి తీసుకెళ్లే అలవాటు ఇప్పటికీ ఉంది, కీళ్లు నొప్పిగా ఉన్న ముసలి ప్రాణికి అది హింస.

ఎంత అలవాటు చేసినా కొన్ని పిల్లులు ఆసుపత్రిలో విపరీతంగా భయపడతాయి. అలాంటి పిల్లికి ముందుగా ఇచ్చే గాబాపెంటిన్ అనే మందు ఉంది. సాధారణంగా బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు ఇస్తారు. పిల్లి కాస్త మత్తుగా, తూలుతూ ఉండవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్న పిల్లికి మోతాదు తగ్గించాలి కాబట్టి డాక్టరు బరువు చూసి రాసిచ్చినంతే ఇవ్వండి. మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు తెచ్చి వేయకండి.

బయలుదేరే రోజు

పరగడుపున తీసుకురావాలా అని ముందు రోజే అడగండి. కొన్ని రక్తపరీక్షలకు కొన్ని గంటలు తిండి ఆపమంటారు. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లిని డాక్టరు చెప్పకుండా పస్తు ఉంచవద్దు.

వేసవిలో ఉదయం తొమ్మిదిలోపే పని ముగిసేలా సమయం తీసుకోండి. కారులో అయితే బుట్టను ముందు సీటు వెనక కింద పెట్టండి, అటూ ఇటూ జరగదు. ఆటోలో అయితే ఒళ్లో పెట్టుకుని అడుగు కింద చెయ్యి వేసి పట్టుకోండి. పిడి పట్టుకుని ఊపుతూ నడిస్తే లోపల అది పట్టు దొరక్క జారుతుంది. బుట్ట మీద పల్చటి నూలు తువ్వాలు కప్పండి, గాలి ఆడేలా ఒక పక్క వదిలేయండి. నోరు తెరిచి రొప్పుతుంటే అది మామూలు భయమని తీసిపారేయకండి, వెళ్లగానే చెప్పండి.

ఆసుపత్రిలో బుట్టను నేల మీద పెట్టవద్దు. నేల కుక్కల ముక్కుల ఎత్తు. కుర్చీ మీద, గోడ వైపు తలుపు తిప్పి పెట్టండి. వీలైతే మీ వంతు వచ్చేదాకా బయటే నీడలో ఉండి, ఫోన్ చేయమనండి.

పరీక్ష గదిలో

మొదట నోటు పుస్తకం ఇవ్వండి, వీడియోలు చూపించండి. ఏది ముఖ్యమో ఒక్క మాటలో చెప్పండి: ‘ఆరు నెలల్లో మూడు వందల గ్రాములు తగ్గింది, నీళ్లు ఎక్కువ తాగుతోంది.’ డాక్టరు ఆలోచన సరైన దారిలో పడటానికి ఇది చాలు.

బుట్ట ఒంపి పిల్లిని బల్ల మీద పడేయనివ్వకండి. మూత తీయమని, కింది సగంలోనే చూడమని మర్యాదగా అడగండి. మెడ మీది తోలు పట్టి ఎత్తడం పాత పద్ధతి, పిల్లుల వైద్యంలో ఇప్పుడు దాన్ని వద్దంటున్నారు. తువ్వాలు చుట్టి, తల ఒక్కటే బయట ఉంచి పట్టుకుంటే చాలా పిల్లులు ఓర్చుకుంటాయి. మీ గొంతు దానికి తెలుసు కాబట్టి పక్కనే ఉండి నెమ్మదిగా మాట్లాడండి.

బీపీని అన్నిటికంటే ముందు కొలవమనండి. రక్తం తీశాక కొలిస్తే భయానికి పెరిగిన అంకె వస్తుంది. గదిలో అయిదు పది నిమిషాలు కుదురుకున్నాక, ముందుకాలికో తోక మొదట్లోనో చిన్న పట్టీ చుట్టి, వరుసగా నాలుగైదుసార్లు కొలిచి సగటు తీస్తారు. పై అంకె మళ్లీ మళ్లీ 160 దాటితే మందు గురించి ఆలోచిస్తారు. ముసలి పిల్లుల్లో ఎక్కువగా వదిలేసే పరీక్ష ఇదే, నన్నడిగితే ఒక్కసారి కూడా వదలకూడని పరీక్ష కూడా ఇదే. బీపీ పెరిగి కంటి లోపలి పొర ఊడితే పిల్లికి రాత్రికి రాత్రే చూపు పోతుంది. దాన్ని అదుపులో ఉంచే అమ్లోడిపిన్ మాత్ర మనుషులు వాడేదే, అరుదైన మందేమీ కాదు. మోతాదు మాత్రం వేరు, డాక్టరే చెప్పాలి.

తర్వాత డాక్టరు చేతులను గమనించండి. గడ్డం కింద నుంచి గొంతు పక్కగా రెండు వేళ్లు కిందికి జారుస్తారు, వాచిన థైరాయిడ్ గ్రంథి చిన్న గింజలా అక్కడ తగులుతుంది. పొట్టను రెండు వైపుల నుంచీ మెత్తగా నొక్కి కిడ్నీల సైజు చూస్తారు. వెన్ను మీద చెయ్యి పోనిచ్చి కండ ఎంత మిగిలిందో చూస్తారు, పొట్ట లావుగా ఉన్నా వెన్ను దగ్గర కండ కరిగిపోయి ఉండవచ్చు. పెదవి ఎత్తి పళ్లూ చిగుళ్లూ చూస్తారు. వీటిలో ఏది చేయకపోయినా అడగడానికి మొహమాటపడకండి.

గోళ్లు చూడమని మీరే గుర్తు చేయండి. ముసలి పిల్లి గోళ్లను సరిగా అరగదీసుకోదు. అవి మందంగా పెరిగి, వంపు తిరిగి, పాదం కింది మెత్తలోకే గుచ్చుకుంటాయి. బొచ్చు చాటున అది నెలల తరబడి కనిపించదు.

ఏ పరీక్షలు, ఎందుకు

రక్తంలో సాధారణంగా కణాల లెక్క, క్రియాటినిన్, యూరియా, షుగర్, కాలేయ పరీక్షలు చేస్తారు. పదేళ్లు దాటిన పిల్లికి థైరాయిడ్ కోసం టీ4 కూడా అడగండి. బాగా తింటూ బరువు తగ్గుతున్న పిల్లికి ఇది తప్పనిసరి.

కిడ్నీ విషయం కాస్త వివరంగా తెలుసుకోవాలి. క్రియాటినిన్ మామూలు హద్దు దాటేసరికి కిడ్నీల సామర్థ్యం నాలుగింట మూడు వంతుల దాకా పోయి ఉండవచ్చు. పైగా కండ తగ్గిన పిల్లిలో ఆ అంకె ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అందుకే ‘రిపోర్టు నార్మల్’ అన్న ఒక్క మాటతో ఊరడిల్లకండి. ఎస్‌డీఎంఏ అనే పరీక్ష ఇంకాస్త ముందే పట్టుకుంటుంది, దొరికితే చేయించండి. దొరక్కపోతే మూత్రపరీక్ష ఉంది. మూత్రం చిక్కదనం 1.035 కన్నా తక్కువగా ఉంటే కిడ్నీలు నీటిని సరిగా ఒడిసిపట్టడం లేదేమోనని అనుమానించాలి. ఖర్చు తక్కువైన ఈ పరీక్షను రక్తపరీక్షతో పాటే చేయించాలి, తర్వాత చూద్దామని వాయిదా వేయకూడదు.

మూత్రాన్ని డాక్టరు పొట్ట మీది నుంచి సన్నని సూదితో తీస్తారు. చూడటానికి భయంగా ఉన్నా పిల్లికి అది పెద్ద బాధ కాదు. ఇంటి నుంచే తెమ్మంటే, ఖాళీ తొట్టిలో బాగా కడిగి ఆరబెట్టిన అక్వేరియం గులకరాళ్లు పోసి ఉంచండి. మూత్రం అడుగున నిలుస్తుంది, సిరంజితో తీసి శుభ్రమైన సీసాలో వేసి ఒకటి రెండు గంటల్లో అందజేయండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి.

షుగర్ ఎక్కువ వచ్చిందంటే వెంటనే మధుమేహం అని నిర్ణయించకూడదు. పిల్లికి భయంతోనే షుగర్ పెరుగుతుంది. ఫ్రక్టోసమిన్ పరీక్ష గత రెండు వారాల సగటు చెబుతుంది, దాన్ని అడగండి.

ట్రైక్యాట్ (పిల్లుల మూడు వైరస్ జబ్బులకు కలిపి వేసేది), రేబిస్ టీకాలు, నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు పడ్డాయో కార్డు చూపించి, ఏది వేయాలో ఆ రోజు ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయించమనండి. ఇంట్లోనే ఉండే ముసలి పిల్లి కదా అని రేబిస్ టీకా మానేయవద్దు.

బయటికి వచ్చే ముందు రిపోర్టుల నకలు, ఆ రోజు బరువు, బీపీ అంకెలు అడిగి తీసుకోండి. ఒకే రిపోర్టు కన్నా, ఆరు నెలల తేడాతో ఉన్న రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఎక్కువ తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే ఆసుపత్రి వాసనకు అది బుసకొడుతుంది. కొన్ని గంటలు వేరే గదిలో ఉంచండి. గాబాపెంటిన్ ఇచ్చి ఉంటే మత్తు దిగేదాకా ఎత్తైన చోట్లకు ఎక్కనివ్వకండి.

మాత్ర వేశాక సిరంజితో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు నెమ్మదిగా నోటి పక్క నుంచి పట్టండి, లేదా కాస్త తిండి పెట్టండి. పొడిగా మింగిన మాత్ర ఆహారనాళంలోనే ఆగిపోతుంది. ముఖ్యంగా డాక్సీసైక్లిన్ అలా ఆగితే లోపల పుండు పడుతుంది. కిడ్నీ ఆహారం రాసిస్తే ఒక్కరోజులో మార్చకండి, పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ రెండు మూడు వారాలు తీసుకోండి.

నొప్పిగా ఉందని ఇంట్లో ఉన్న మాత్ర ఎప్పుడూ వేయకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కల పేలకూ గోమార్లకూ వీపు మీద వేసే పెర్మెత్రిన్ మందు కూడా పిల్లికి విషమే.

తర్వాతి తేదీ ఆరు నెలల తర్వాతే అయినా, కొన్నిటికి మర్నాటి దాకా కూడా ఆగకూడదు. మగపిల్లి మాటిమాటికీ తొట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం కూడా పోయకపోతే, వెనక కాళ్లు ఒక్కసారిగా పడిపోయి చల్లబడితే, కంటిపాపలు వెలుతురులోనూ పెద్దవిగా ఉండి గోడలకు తగులుతుంటే, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే, అది ఏ వేళ అయినా వెంటనే బయలుదేరండి. రోజంతా ఏమీ ముట్టకపోతే ఆ సాయంత్రమే డాక్టరుకు ఫోన్ చేయండి. రెండు మూడు రోజుల పస్తుకే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది, లావుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ.